కావలి, కన్నం, సంకేతపదం: చిరువ్యాపార భద్రతలో నష్టబాధ్యత - చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం:

చిన్న, మధ్యతరహా వ్యాపారాల భద్రతను గురించిన చర్చ నేడు ఎక్కువగా తాళాలు, సీసీ కెమెరాలు, సంకేతపదాలు, వైరస్ నిరోధక సాఫ్ట్‌వేర్లు వంటి పరికరాల చుట్టూ తిరుగుతున్నది. సొత్తు పోయిన తరువాత ఆ నష్టానికి ఎవరు జవాబుదారీ అన్న ప్రశ్న ఆ చర్చలో వెనుకబడింది. ధర్మశాస్త్రాలు, మోటుపల్లి అభయ శాసనం, వర్తక సంఘాలు, కావలి వ్యవస్థ, వలసపాలన నాటి పోలీసు ఏర్పాటు, కంప్యూటర్ యుగపు ఘటనలు అనే ఆధారాల వెంట ఆ ప్రశ్న ఎలా ప్రయాణించిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. భద్రత అనేది ఒక పూచీగా ఉన్న దశ నుండి ఒక సరుకుగా మారిన క్రమమే ఇందులోని ప్రధానాంశం.

కీలక పదాలు: కావలి, కన్నం, తాళం, చిట్టా, ఆవర్జా, సంకేతపదం, నష్టపరిహారం, చిరువ్యాపారం.

1. ఉపోద్ఘాతం:

అంగడి మూసే వేళ వర్తకుడు చేసే పనులకు ఒక వరుస ఉంది. గల్లాపెట్టె లెక్క చూస్తాడు. ఆనాటి పద్దులు చిట్టాకెక్కిస్తాడు. సొమ్ము ఇనుపపెట్టెలో పెడతాడు. దీపం పెట్టి, తలుపు దించి, తాళం వేసి, ఒకసారి లాగి చూస్తాడు. ఈ వరుస ఇప్పటికీ పెద్దగా మారలేదు. మారినదల్లా తాళం వేసిన తరువాత లోపల మిగిలేది ఏమిటన్నదే. ఒకప్పుడు సరుకు, సొమ్ము, పుస్తకాలు మిగిలేవి. ఇప్పుడు వాటితోపాటు ఒక కంప్యూటర్ మిగులుతున్నది. అందులో ఖాతాదారుల బాకీలు, జీఎస్టీ వివరాలు, బ్యాంకు లావాదేవీలు ఉంటాయి. దాని సంకేతపదం చాలాచోట్ల ఆ తెరకే అంటించిన చీటీ మీద ఉంటుంది. షట్టరుకు వేసిన తాళం ఎంత గట్టిదైనా ఆ యంత్రంలోకి రాదలచినవాడు షట్టరు దగ్గరికి రానక్కరలేదు.

చిరువ్యాపారమంటే ఎంత చిన్నదనే విషయంలో ఒక మాట చెప్పుకోవాలి. 2025 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న కేంద్ర ప్రభుత్వ నిర్వచనం ప్రకారం ఏడాదికి రూ. 10 కోట్ల టర్నోవరు దాటనిది సూక్ష్మ సంస్థ, రూ. 100 కోట్లు దాటనిది చిన్న సంస్థ, రూ. 500 కోట్లు దాటనిది మధ్యతరహా సంస్థ. పెట్టుబడికి వేరే పరిమితులున్నాయి. అంటే వీధి చివరి పచారీ కొట్టూ, వందలమంది పనిచేసే కర్మాగారమూ ఒకే గొడుగు కిందికి వస్తున్నాయి. ఈ వ్యాసం ప్రధానంగా ఆ గొడుగు కింది అంచున ఉన్నవారిని, అంటే కంప్యూటర్ ఉండి కంప్యూటర్ నిపుణుడు లేని సంస్థలను, దృష్టిలో పెట్టుకుంది.

2. కప్ప, చెవి, కన్నం:

తెలుగువాడు తాళానికి కప్ప అనీ, దాన్ని తెరిచే సాధనానికి చెవి అనీ పేరు పెట్టాడు. తాళంకప్ప, తాళంచెవి అనే మాటలు నేటికీ వాడుకలో ఉన్నాయి. బీగం అనే మాట కన్నడంలోనూ ఉంది. గడియ, గొళ్ళెం తలుపుకు లోపలి రక్షణలు కాగా తాళం యజమాని లేనప్పటి రక్షణ. అయితే మన సాహిత్యంలో పేరుమోసిన దొంగ తాళం జోలికి పోయేవాడు కాడు. అతని దారి కన్నం. మట్టిగోడకు కన్నం వేసి లోపలికి వచ్చేవానికి తలుపు గట్టిదనంతో పనిలేదు. దొంగతనానికే కన్నం వేయడం అనే పేరు స్థిరపడటం, కన్నపుకత్తి అనే పనిముట్టు ఉండటం ఇందుకు సాక్ష్యాలు. శూద్రకుని మృచ్ఛకటికంలో శర్విలకుడు చారుదత్తుని ఇంటిగోడకు కన్నం వేయడానికి ముందు ఏ ఆకారంలో వేయాలా అని ఆలోచిస్తాడు.

దండి దశకుమారచరితంలో అపహారవర్మ చౌర్యానికి బయలుదేరేటప్పుడు వెంట తీసుకెళ్ళే సామగ్రి పట్టిక ఈ అంశానికి చాలా విలువైనది. అందులో కొలతాడు ఉంది, పట్టుకారు ఉంది, దీపం ఆర్పడానికి విడిచే తుమ్మెదల పెట్టె ఉంది, పురుషశీర్షకం అనే కృత్రిమ శిరస్సు కూడా ఉంది. కన్నం పూర్తికాగానే తన తల దూర్చకుండా ముందుగా ఆ బొమ్మతలను లోపలికి పంపి, గృహస్థుడు మేలుకొని కాచుకున్నాడేమో చూడటం దాని ప్రయోజనం. నేటి కంప్యూటర్ చొరబాటుదారు ముందుగా ఏ ద్వారం తెరిచి ఉందో, ఏ యంత్రం బదులిస్తున్నదో పరీక్షగా సందేశాలు పంపి తెలుసుకుంటాడు. బొమ్మతల మారింది, పద్ధతి మారలేదు.

ఈ దశకుమారచరితాన్ని 13వ శతాబ్దంలో తెలుగు చేసి తిక్కనకు అంకితమిచ్చినవాడు కేతన. అభినవదండి అని పేరు పొందిన ఆ కవే యాజ్ఞవల్క్యస్మృతికి వ్యాఖ్యానమైన మితాక్షరను అనుసరించి విజ్ఞానేశ్వరం అనే ధర్మశాస్త్ర గ్రంథాన్ని కూడా తెలుగులో రచించాడు. దొంగ కథ చెప్పిన చేతితోనే న్యాయగ్రంథం రాయడం యాదృచ్ఛికమే కావచ్చు. అయినా ఒక కాలపు తెలుగు పాఠకుని ముందు ఈ రెండు పుస్తకాలూ ఒకే కవి పేరుతో నిలిచాయన్నది గమనించదగ్గ విషయం. మొదటిది గోడ ఎలా కూలుతుందో చెబుతుంది. గోడ కూలాక ఏం చేయాలన్నది రెండవదాని కోవకు చెందిన గ్రంథాల విషయం. మన ప్రస్తుత చర్చలో మొదటిదానికి ఉన్న వైభవం రెండవదానికి లేదు.

3. సొత్తు పోతే ఎవరు చెల్లించాలి:

కౌటిల్యుని అర్థశాస్త్రం నాలుగవ అధికరణం చివరి అధ్యాయంలో బిడారు వర్తకులను గురించిన ఒక నియమం ఉంది. వర్తకులు ఒక గ్రామంలో రాత్రి బస చేయదలిస్తే తమవద్ద ఉన్న సరుకు విలువను ముందుగా తెలియజేసి ఉండాలి. అలా తెలియజేసిన తరువాత, ఆ సరుకు రాత్రి ఊరు దాటి పోలేదని తెలిసినప్పుడు, పోయినదానిని గ్రామస్వామి చెల్లించాలి. రెండు గ్రామాల నడుమ పోతే పచ్చికబయళ్ళ అధికారి అయిన వివీతాధ్యక్షుడు చెల్లించాలి. పచ్చికబయళ్ళు కాని చోట పోతే దొంగలను పట్టే అధికారి అయిన చోరరజ్జుకుడు చెల్లించాలి. అటువంటి రక్షణ కూడా లేని చోట చుట్టుపక్కల అయిదు గ్రామాలో పది గ్రామాలో కలిసి బాధ్యత వహించాలి. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయంలోనూ ఊరు, బయలు, దారి అనే ఇదే మూడంచెల విభజన కనిపిస్తుంది. దొంగలు అపహరించిన సొత్తును రాజు ప్రజలకు ఇచ్చివేయాలన్న విధి కూడా ఆ స్మృతిలో ఉంది.

ఈ నియమాలు ఎంతవరకు అమలయ్యాయన్నది వేరే ప్రశ్న. శాస్త్రం ఒక ఆదర్శాన్ని చెబుతుంది, ఊరు తన వీలునుబట్టి నడుస్తుంది. అయినా నియమం నిర్మాణాన్ని జాగ్రత్తగా చూడాలి. ఇందులో రెండు భాగాలున్నాయి. వర్తకుడు ముందుగా తెలియజేయడం అతని విధి. తెలియజేసిన తరువాత రక్షించడం, రక్షించలేకపోతే చెల్లించడం స్థానికాధికారి విధి. విలువ దాచినవానికి పరిహారం లేదు. విలువ విన్న అధికారికి తప్పించుకునే వీలు లేదు. దేశంలో ఏ అంగుళమూ ఎవరో ఒకరి పూచీ కాకుండా మిగలకూడదన్నది ఈ విభజన వెనుక ఉన్న పట్టుదల. నాకు ఈ నియమంలో అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఆ చివరి అంశమే.

తెలుగునేల మీద ఈ ఆలోచనకు ప్రసిద్ధమైన శిలాసాక్ష్యం మోటుపల్లి అభయ శాసనం. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి శక సంవత్సరం 1166లో, అంటే క్రీ.శ. 1244-45లో, దీనిని వేయించాడు. తుపానుకు చిక్కి తీరానికి కొట్టుకువచ్చిన ఓడల్లోని సరుకును పూర్వపు రాజులు బలవంతంగా స్వాధీనం చేసుకునేవారనీ, తాను మాత్రం న్యాయమైన సుంకం తప్ప మిగిలినదంతా వర్తకులకే విడిచిపెడుతున్నాననీ ఆ శాసనం ప్రకటిస్తుంది. చందనం, కర్పూరం, ముత్యాలు, పట్టు మొదలైన సరుకుల మీద సుంకాలను కూడా నిర్ణయించింది. రెడ్డిరాజుల కాలంలో అనపోతారెడ్డి 1358లో అదే మోటుపల్లిలో వర్తకులకు మళ్ళీ అభయమిచ్చాడు.

అభయ శాసనమంటే సాధారణంగా రాజు ఉదారతకు గుర్తుగా చదువుతుంటాం. దానిని భద్రతాపత్రంగా చదివితే మరొక సంగతి తెలుస్తుంది. ఇక్కడ వర్తకునికి భయం దొంగ వల్ల కాదు, రక్షించవలసిన రాజు వల్లనే. కనుక అభయం అంటే కాపలా పెంచడం కాదు, రాజు తన చేతిని తానే కట్టుకోవడం. సుంకం ఎంతో రాతిమీద చెక్కించడం వల్ల ఓడ దిగిన విదేశీ వర్తకుడు సైతం దానిని చూపి అడగగలిగాడు.

రాజు మాట మీదనే ఆధారపడనివారూ ఉన్నారు. అయ్యావొళె ఐనూర్వురు అనే వర్తక సంఘం కన్నడ, తెలుగు, తమిళ ప్రాంతాలన్నిటా విస్తరించి, తన బిడారులకు తానే సాయుధులను ఏర్పాటు చేసుకుంది. ఎఱివీరపట్టణాలు అనే రక్షిత వర్తక స్థలాల ప్రస్తావన శాసనాల్లో ఉంది. తెలుగు శాసనాల్లో నకరం, పెక్కండ్రు అనే పేర్లతో వర్తక సమూహాలు కనిపిస్తాయి. సంఘంలోని ఒక్కొక్క వర్తకుడు చిన్నవాడే కావచ్చు, కాపలా మాత్రం ఉమ్మడిది. ఒంటరిగా ఒక సైనికుణ్ణి పోషించలేనివాడు పదిమందితో కలిసి బిడారుకు రక్షణ సంపాదించుకున్నాడు.

4. కావలి నుండి పోలీసుకు:

ఊరి స్థాయిలో ఈ పూచీకి మిగిలిన రూపం కావలి. పంటకళ్ళాల దగ్గర, సంతల్లో, బాటల్లో కాపలాకు ప్రతిఫలంగా కావలిదారు రుసుము పుచ్చుకునేవాడు. రైతు ధాన్యం ఇచ్చేవాడు, వర్తకుడు సరుకును బట్టి చెల్లించేవాడు. రుసుముకు ప్రతిగా కావలిదారు దొంగిలించిన సొత్తును రాబట్టాలి, లేకపోతే దాని విలువ ఇచ్చుకోవాలి. ఊళ్ళో తలారి, పెద్ద పరిధిలో పాలెగాడు ఈ వ్యవస్థలో భాగస్థులు.

ఈ వ్యవస్థను ఆదర్శంగా చూపడం సరికాదు. రుసుము ఇవ్వని ఊరిలో కావలివారే దోపిడీ చేయించేవారన్న ఫిర్యాదులు ఈస్టిండియా కంపెనీ అధికారుల నివేదికల నిండా ఉన్నాయి. ఆ నివేదికలు పాలెగాళ్ళను అణచివేసిన ప్రభుత్వం రాసుకున్నవి కనుక వాటిని కొంత తగ్గించి చదవాలి. అయినా రక్షణ రుసుముకూ బెదిరింపు రుసుముకూ మధ్య గీత పలుచనిదనడంలో సందేహం లేదు. ఇప్పుడు కంప్యూటర్‌లోని పత్రాలకు తాళం వేసి, తెరవాలంటే సొమ్ము కట్టమనేవాడు ఆ గీతకు అవతలివాడు. అతడు కావలి కాయడు, కావలి రుసుము మాత్రం వసూలు చేస్తాడు.

సర్ థామస్ మన్రో సిఫారసుల ప్రభావంతో వచ్చిన 1816 నాటి మద్రాసు 11వ రెగ్యులేషన్ గ్రామాధికారికి పోలీసు అధికారాలిచ్చి, తలారిని అతని కింద ఉంచింది. 1859 నాటి 24వ చట్టంతో మద్రాసు రాష్ట్రానికి వ్యవస్థీకృతమైన పోలీసు దళం ఏర్పడింది. దొంగను పట్టడం, న్యాయస్థానం ముందు నిలబెట్టడం, శిక్షించడం రాజ్యం పనిగా స్థిరపడ్డాయి. సొత్తు దొరక్కపోతే దాని విలువ చెల్లించే పూచీ మాత్రం ఈ కొత్త విధుల పట్టికలో చోటు సంపాదించలేదు. పోలీసు ఠాణాలో ఫిర్యాదు చేసిన వర్తకునికి దొంగ మీద కేసు లభిస్తుంది. పోయిన సరుకు ధర అతని ఖాతాలోనే ఉండిపోతుంది. చరిత్రలో ఈ మార్పు చాలా నిశ్శబ్దంగా జరిగింది. పాలెగాళ్ళ పతనం మీద కథలున్నాయి, పాటలున్నాయి. కావలి పరిహారం పోయినందుకు ఎవరూ పాట కట్టలేదు.

5. తాళం సరుకైన శతాబ్దం:

పూచీ వదిలిన చోటును సరుకు ఆక్రమించింది. ఇంగ్లండులో 1784లో జోసెఫ్ బ్రామా తన తాళానికి పేటెంటు పొందాడు. దానిని దొంగచాటుగా తెరవగలిగే సాధనం చేసినవానికి 200 గినీల బహుమతి ఇస్తామని బ్రామా సంస్థ లండన్ పికడిల్లీలోని దుకాణపు కిటికీలో పలక పెట్టింది. 1818లో జెరిమయా చబ్ మరొక రకం తాళం చేశాడు. ఎవరైనా తప్పుడు చెవితో ప్రయత్నిస్తే అది బిగుసుకుపోయి, ప్రయత్నం జరిగిందన్న సంగతి యజమానికి తెలియజేస్తుంది. 1851లో లండన్ మహాప్రదర్శనకు వచ్చిన ఆల్ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్ అనే అమెరికన్ తాళాల వర్తకుడు చబ్ తాళాన్ని 25 నిమిషాల్లో తెరిచాడు. తరువాత 16 రోజుల వ్యవధిలో 51 గంటలు కష్టపడి బ్రామా తాళాన్ని కూడా తెరిచి 200 గినీలు తీసుకున్నాడు.

పత్రికల్లో పెద్ద వివాదం రేగింది. తాళం లోపాన్ని బయటపెట్టడం దొంగలకు పాఠం చెప్పడమేనని కొందరు వాదించారు. ఆ విద్యలో దొంగలు ముందే ఆరితేరి ఉంటారనీ, తెలియనివాడు తాళం కొన్న గృహస్థుడేననీ 1853లో చార్లెస్ టామ్లిన్సన్ సంపాదకత్వంలో వెలువడిన హాబ్స్ గ్రంథం సమాధానం చెప్పింది. 1883లో ఆగుస్ట్ కెర్కాఫ్స్ సైనిక సంకేతలిపి విషయంలో ఇదే దారిలో ఒక సూత్రం చెప్పాడు. యంత్రం పనితీరు శత్రువుకు తెలిసిపోయినా, తాళంచెవి వంటి రహస్యం ఒక్కటి తెలియనంతవరకు భద్రత నిలవాలన్నది దాని సారాంశం. నేటి కంప్యూటర్ సంకేతలిపి శాస్త్రం మొత్తం ఈ సూత్రం మీదనే నిలిచింది.

భారతదేశంలో అర్దేషిర్ గోద్రెజ్ 1897లో బొంబాయిలో తాళాల తయారీ మొదలుపెట్టి, తరువాత ఇనుపపెట్టెల తయారీకి విస్తరించాడు. అలీగఢ్, దిండిగల్ తాళాలకు ప్రసిద్ధి పొందాయి. ఈ వస్తువులు మంచివే. అయితే తాళం అమ్మినవాడు తాళానికి మాత్రమే హామీ ఇస్తాడు, గదిలోని సరుకుకు ఇవ్వడు. హాబ్స్ తెరిచిన తాళాలు కొన్నవారెవరికీ ఆ కారణంగా పరిహారం అడిగే హక్కు కలగలేదు. కావలిదారు స్థానంలోకి తాళం వచ్చినప్పుడు జారిపోయినది ఇదే.

6. చిట్టా, ఆవర్జా:

తలుపు బయటివారిని ఆపుతుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెత లోపలివారి సంగతి. కౌటిల్యుడు అధికారులు ధనం అపహరించే మార్గాలను నలభైగా లెక్కించాడు. వాటిలో చాలాభాగం తాళాలతో సంబంధం లేనివి. వచ్చిన తేదీ మార్చి రాయడం, వచ్చినదానిని రాలేదనడం, ఒకరి పేరిట వచ్చినదానిని మరొకరి పేరిట రాయడం వంటి లెక్కల మోసాలవి.

తెలుగు వర్తకుల పుస్తకాల్లో ఈ మోసానికి విరుగుడు రెండు పుస్తకాల పద్ధతి. చిట్టాలో పద్దులు జరిగిన క్రమంలో, తేదీవారీగా పడతాయి. ఆవర్జాలో అవే పద్దులు మనిషి వారీగా, ఖాతా వారీగా పడతాయి. ఒకచోట దిద్దితే రెండవచోట తేడా బయటపడుతుంది. గుమాస్తా రాసినదానిని యజమాని సరిచూడటం, గల్లా చెవి ఒకరి దగ్గర పుస్తకం మరొకరి దగ్గర ఉండటం అనుభవం నేర్పిన ఆచారాలు. నేటి భద్రతానిపుణులు విధుల విభజన అనీ, జాడ పుస్తకం అనీ చెప్పే సూత్రాలు పచారీ కొట్టు అరుగు మీద ఎప్పటినుండో ఉన్నాయి.

కంప్యూటర్ ఈ రెండు పుస్తకాలను ఒకటి చేసింది. 1986లో బెంగళూరులో శ్యామ్ సుందర్ గోయెంకా, ఆయన కుమారుడు భరత్ గోయెంకా ప్రారంభించిన సంస్థ నుండి వచ్చిన టాలీ చిరువ్యాపారుల లెక్కలను యంత్రంలోకి మార్చింది. ఒకసారి పద్దు వేస్తే చిట్టా, ఆవర్జా రెండూ వాటంతటవే తయారవుతాయి. శ్రమ తగ్గింది. అయితే రెండు చేతులు రాసిన రెండు పుస్తకాలను ఒకదానితో ఒకటి సరిచూసే అవకాశం కూడా తగ్గింది. ఎవరు ఏ పద్దును ఎప్పుడు మార్చారో నమోదు చేసే వీలు లెక్కల సాఫ్ట్‌వేర్లలో ఉన్నా, దుకాణంలోని అందరూ ఒకే పేరుతో, ఒకే సంకేతపదంతో లోపలికి వెళ్ళే చోట ఆ నమోదుకు అర్థం లేదు. ఒక్క చెవి నలుగురి మొలలో ఉన్నట్లే.

7. యంత్రంలో కన్నం:

వ్యక్తిగత కంప్యూటర్ల మీద వ్యాపించిన తొలి వైరస్‌గా చరిత్రకెక్కిన బ్రెయిన్ 1986లో లాహోరులోని ఒక చిన్న కంప్యూటర్ దుకాణంలో పుట్టింది. దానిని రాసిన బాసిత్, అమ్జద్ ఫారూఖ్ ఆల్వీ సోదరులు తాము తయారుచేసిన వైద్య సాఫ్ట్‌వేరును ఇతరులు నకలు చేయకుండా కాపాడుకోవడానికే అలా చేశామని చెప్పారు. వైరస్ లోపల తమ పేర్లు, చిరునామా, ఫోను నంబరు కూడా పెట్టారు. తన సరుకుకు తాను వేసుకున్న తాళం ఊళ్ళు దాటి ఇతరుల ఇళ్ళలో దూరడం ఈ చరిత్రలోని వింతల్లో ఒకటి. ఆ తాళం వేసినది ఒక చిరువ్యాపారం కావడం మరచిపోకూడదు.

మా దగ్గర దోచుకోవడానికేముంది అనే మాట చిన్న సంస్థల నోట తరచుగా వినిపిస్తుంది. 2013 చివర అమెరికాలోని టార్గెట్ దుకాణాల నుండి సుమారు 4 కోట్ల చెల్లింపు కార్డుల వివరాలు పోయాయి. దొంగలు ఆ సంస్థలోకి ప్రవేశించిన దారి పెన్సిల్వేనియాలోని ఒక శీతలీకరణ కాంట్రాక్టరు. ఆ చిన్న సంస్థకు టార్గెట్ కంప్యూటర్లలోకి వెళ్ళడానికి ఇచ్చిన సంకేతపదం దొంగల చేతికి చిక్కింది. చిన్న సంస్థలో దోచుకోవలసిన సొత్తు లేకపోవచ్చు, పెద్ద ఇంటికి వెళ్ళే చెవి ఉంటుంది.

దీనికంటే లోతుగా ఆలోచింపజేసేది 2017 జూన్ 27 నాటి నాట్‌పెట్యా దాడి. ఉక్రెయిన్‌లో వ్యాపార సంస్థలు పన్ను లెక్కలు దాఖలు చేయడానికి ఎం.ఇ.డాక్ అనే సాఫ్ట్‌వేరును విస్తృతంగా వాడేవి. దానిని తయారుచేసినది ఒక కుటుంబం నడిపే చిన్న సంస్థ. దాడి చేసినవారు ఆ సంస్థ సర్వర్లలో ముందే చొరబడి, వాడుకదారులకు వెళ్ళే నవీకరణలోనే విషం కలిపారు. నవీకరణలు తప్పక వేసుకోవాలన్నది భద్రతా నిపుణులు చెప్పే మొదటి హితవు. ఆ హితవును పాటించినవారే ఇక్కడ నష్టపోయారు. దాడి ఉక్రెయిన్ దాటి వ్యాపించి, మేర్స్క్ నౌకాసంస్థను స్తంభింపజేసింది. ముంబయి సమీపంలోని జవహర్‌లాల్ నెహ్రూ ఓడరేవులో ఆ సంస్థ నడిపే టెర్మినల్ పని కూడా ఆగింది. మోటుపల్లిలో ఓడను ముంచినది తుపాను. ఇక్కడ ఓడలను రేవులో నిలిపినది ఎక్కడో ఒక పన్నుల పుస్తకం.

దీనికి ముందు నెలలోనే, 2017 మే 12న, వానాక్రై దాడి జరిగింది. విండోస్‌లోని ఆ కన్నాన్ని పూడ్చే సవరణను మైక్రోసాఫ్ట్ మార్చి 14ననే విడుదల చేసింది. దానిని వేసుకోని యంత్రాలు దెబ్బతిన్నాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని వాటిలో ఉన్నాయి. ఒక నెలలో నవీకరణ వేసుకోనివారు, మరుసటి నెలలో నవీకరణ వేసుకున్నవారు నష్టపోయారు. చిన్న దుకాణదారు ఈ రెండు సంఘటనల నుండి ఏ పాఠం నేర్చుకోవాలి? నవీకరణ వేసుకోవడమే మేలన్నది నిస్సందేహం. అయితే ఎంత జాగ్రత్తపరునికైనా నష్టం తప్పని సందర్భాలుంటాయన్నది కూడా అంతే నిజం. భద్రతను కేవలం యజమాని జాగ్రత్తకు కుదించే ఉపదేశాలు ఈ రెండవ నిజాన్ని దాటవేస్తాయి.

తెలుగువారికి దగ్గరి ఉదాహరణ హైదరాబాదులోని ఏపీ మహేశ్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు. 2022 జనవరిలో ఆ బ్యాంకు నుండి రూ. 12 కోట్లకు పైగా సొమ్ము కంప్యూటర్ చొరబాటు ద్వారా దేశంలోని పలు ఖాతాలకు తరలిపోయింది. సిబ్బందికి వచ్చిన మోసపు ఈ-మెయిళ్ళే దొంగలకు దారి ఇచ్చాయని నగర పోలీసుల దర్యాప్తులో తేలింది. భద్రతా నిబంధనలు పాటించనందుకు రిజర్వు బ్యాంకు 2023లో ఆ బ్యాంకుకు రూ. 65 లక్షల జరిమానా విధించింది. ఇనుపగది గోడకు ఎవరూ కన్నం వేయలేదు. ఉత్తరం వచ్చింది, ఎవరో విప్పారు.

8. తెలియజేయడం, చెల్లించడం:

ఇప్పుడు మళ్ళీ కౌటిల్యుని నియమంలోని రెండు భాగాల దగ్గరికి రావాలి. భారత కంప్యూటర్ అత్యవసర స్పందన బృందం, వ్యవహారంలో సెర్ట్-ఇన్, 2022 ఏప్రిల్ 28న కొన్ని ఆదేశాలు జారీ చేసింది. కంప్యూటర్ భద్రతా ఘటన జరిగిన సంగతి తెలిసిన 6 గంటల్లో తెలియజేయాలి. యంత్రాల జాడ నమోదులను 180 రోజులు భద్రపరచాలి. అన్ని యంత్రాల గడియారాలు నిర్ణీత ప్రభుత్వ కాలమానంతో సరిపోలాలి. చిట్టాలో తేదీ తప్పకూడదన్న పాత నియమానికి ఇది కొత్త రూపం, మంచి నియమమే. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థలకు 2022 సెప్టెంబరు 25 వరకు గడువు పొడిగించారు. ఆ తరువాత పెద్ద బ్యాంకుకూ చిన్న దుకాణానికీ అవే 6 గంటలు.

తెలియజేయడం అనే సగం ఇలా చట్టంలోకి వచ్చింది. రెండవ సగం రాలేదు. తెలియజేసినందుకు పరిహారం లేదు, తెలియజేయకపోతే శిక్ష ఉంది. పేరు పోతుందన్న భయం దీనికి తోడైతే యజమాని నోరు మెదపడు. తేలు కుట్టిన దొంగ అనే మాట మనకుంది. ఇప్పుడు తేలు కుట్టినది గృహస్థుణ్ణి, మూగగా ఉన్నదీ అతడే.

రెండు భాగాలూ కలిసి ఉన్న ఆధునిక నియమం ఒకటి మన దేశంలోనే ఉంది. 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు జారీ చేసిన ఆదేశం ప్రకారం, బ్యాంకు తప్పూ ఖాతాదారు తప్పూ కాక మూడవవైపు లోపం వల్ల ఎలక్ట్రానిక్ లావాదేవీలో సొమ్ము పోయినప్పుడు, ఖాతాదారు బ్యాంకు సమాచారం అందిన 3 పనిదినాల్లోగా తెలియజేస్తే అతని బాధ్యత శూన్యం. బ్యాంకు ఆ సొమ్మును తిరిగి జమ చేయాలి. అదే సంవత్సరం డిసెంబరులో సహకార బ్యాంకులకు కూడా ఇటువంటి ఆదేశమే ఇచ్చింది. తెలియజేసిన వర్తకునికి గ్రామస్వామి చెల్లించాలన్న నియమానికి దీనికంటే దగ్గరి పోలిక నాకు కనిపించలేదు. కాకపోతే ఇది ఖాతాలోని సొమ్ముకే పరిమితం. నాశనమైన ఆవర్జాకు, ఆగిపోయిన వ్యాపారానికి, పోయిన ఖాతాదారుల నమ్మకానికి ఇది వర్తించదు.

వాటికి బీమా ఉన్నదనవచ్చు. నాట్‌పెట్యా తరువాత అమెరికాలోని మెర్క్ ఔషధసంస్థ బీమా సొమ్ము అడిగితే, అది యుద్ధచర్య కనుక చెల్లించనక్కరలేదని బీమా సంస్థలు వాదించాయి. న్యూజెర్సీలో అప్పీలు న్యాయస్థానం సైతం 2023లో మెర్క్ వైపే తీర్పు చెప్పింది. అయితే సంవత్సరాల తరబడి వ్యాజ్యం నడపడానికి మెర్క్ వంటి శక్తి కావాలి. పది కంప్యూటర్లున్న రైసుమిల్లు యజమానికి అది సాధ్యం కాదు. అతని సాఫ్ట్‌వేరు ఒప్పందంలో వస్తువును ఉన్నది ఉన్నట్లుగా ఇస్తున్నామనీ, దాని వల్ల కలిగే నష్టానికి తాము బాధ్యులం కామనీ ఒక నిబంధన ఉంటుంది. అంగీకరిస్తున్నాను అన్న మీట నొక్కకుండా ఆ యంత్రం పనిచేయదు.

ఈ నిబంధనను ప్రశ్నించే ప్రయత్నం ఐరోపాలో మొదలైంది. ఐరోపా సమాఖ్య 2024లో ఆమోదించిన కొత్త ఉత్పత్తి బాధ్యతా నిర్దేశం సాఫ్ట్‌వేరును కూడా ఉత్పత్తిగా గుర్తించింది. లోపం వల్ల నష్టం కలిగితే తయారీదారు పరిహారం చెల్లించాలి. 2026 డిసెంబరు 9 తరువాత మార్కెట్లోకి వచ్చే వస్తువులకు ఇది వర్తిస్తుంది. భద్రతా నవీకరణలు ఇవ్వకపోవడం కూడా లోపమే అవుతుంది. ఒప్పందంలో రాసుకున్న మినహాయింపు చెల్లదు. అయితే ఈ పరిహారం వ్యక్తులకే గాని సంస్థలకు కాదు. పూర్తిగా వృత్తి అవసరాలకే వాడే ఆస్తికి జరిగిన నష్టం, వృత్తి అవసరాలకు వాడే సమాచారం పోవడం దాని పరిధిలోకి రావు. వర్తకుని ఇంట్లో పిల్లల ఫొటోలున్న కంప్యూటర్‌కు ఆ నిర్దేశం వర్తిస్తుంది. దుకాణంలో ఆవర్జా ఉన్న కంప్యూటర్‌కు వర్తించదు.